బ్యాటరీ లేని గిటార్

ఆక్టివ్, పాసివ్ అనే రెండు మాటలు చెవిన పడగానే మన విద్యార్థులకు ఇంగ్లీషు వ్యాకరణం జ్ఞాపకం వస్తుంది. తెలుగు తరగతిలో అయితే అవి కర్తరి, కర్మణి ప్రయోగాలు. "విద్యార్థి పద్యం చదివెను" అన్నది మొదటిది. "విద్యార్థిచేత పద్యం చదువబడెను" అన్నది రెండవది. రెండవ తీరు మాట మన నోటికి అంత సహజంగా రాదు. అయితే ఈ సంవత్సరం మన కళాశాలలో ఈ రెండు మాటలూ వ్యాకరణంతో నిమిత్తం లేకుండానే చాలాసార్లు వినిపించాయి. దానికి కారణం ఒక బేస్ గిటార్.

వార్షికోత్సవంలోనూ, జాతీయ పర్వదినాలలోనూ పాడే మన విద్యార్థి గానబృందానికి హార్మోనియం, ఢోలక్, ఒక మామూలు గిటార్ ఉన్నాయి. పాటకు కింద నిలిచి దానిని మోసే మంద్రనాదం లేదన్న లోటు చాలాకాలంగా ఉన్నది. సాంస్కృతిక నిధి నుంచి 18,000 రూపాయలకు మించకుండా, వాడిన బేస్ గిటార్ ఒకటి కొనడానికి కమిటీ అనుమతించింది. ఆ పని నాకు అప్పగించారు. హైదరాబాదులో దాదాపు ఒకే ధరకు రెండు వాద్యాలు దొరికాయి. ఒకటి ఆక్టివ్, మరొకటి పాసివ్. విన్నవారందరికీ మొదట నచ్చింది ఆక్టివ్ వాద్యమే. మేము కొన్నది మాత్రం పాసివ్ వాద్యం. "బాగా మోగినదాన్ని వదిలి, ఒక మెట్టు తక్కువదాన్ని ఎందుకు తెచ్చారు?" అని విద్యార్థులు కొందరు, కమిటీ సభ్యులు ఇద్దరు నన్ను అడిగారు. ప్రశ్న న్యాయమైనది. డబ్బు విద్యార్థులది. కనుక సమాధానం కూడా అందరూ చదవగలిగే చోట ఉండడం మంచిదని ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందుగా ఈ వాద్యం సంగతి. బేస్ గిటార్‌కు సాధారణంగా నాలుగు తీగెలు. అన్నిటికంటె లావుపాటి తీగెను మెట్లు నొక్కకుండా మీటితే అది సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. మనిషి చెవి వినగలిగే నాదాలలో అది అట్టడుగుకు దగ్గరగా ఉన్న మెట్టు. పాట వింటున్నప్పుడు చాలామంది దానిని ప్రత్యేకించి గుర్తించరు. తీసివేస్తే మాత్రం ఏదో వెలితిగా ఉన్నదని వెంటనే అంటారు. 1989లో వచ్చిన 'గీతాంజలి' చిత్రం పాటలను ఈసారి కాస్త శ్రద్ధగా వినండి. ఇళయరాజా సంగీతంలో ఈ వాద్యం గాయకుని వెనుక నిలబడి తాళం వేయడమే కాక, తన పాట తాను పాడుకోవడం కూడా వినిపిస్తుంది.

దీనికి ముందు ఈ పని చేసింది మనిషంత ఎత్తున నిలబెట్టి వాయించే పెద్ద బేస్ వాద్యం. ఊరూరా తిరిగే బృందాలకు దానిని మోయడం కష్టం, జనం మధ్య అది వినిపించడం ఇంకా కష్టం. దానికి మెట్లు ఉండవు కనుక స్వరం సరిగా పడడానికి ఏళ్ల సాధన కావాలి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, ఫుల్లర్టన్ అనే పట్టణంలో లియో ఫెండర్ అనే ఆయన 1951లో ఈ మూడు ఇబ్బందులకూ కలిపి ఒక పరిష్కారం తెచ్చాడు. భుజాన వేసుకునే ఒక చెక్కపలక, దానికి మెట్లున్న మెడ, 34 అంగుళాల తీగెలు. స్వరం కచ్చితంగా పలుకుతుందన్న అర్థంలో దానికి 'ప్రిసిషన్ బేస్' అని పేరు పెట్టాడు. గమనించదగిన విషయం ఏమంటే, ఫెండర్ గిటార్ వాయించేవాడు కాదు. రేడియోలు బాగుచేసేవాడు. 1938లో రేడియో మరమ్మతు దుకాణంతోనే ఆయన వ్యాపారం మొదలైంది. వస్తువు చెడిపోయి తన బల్లమీదికి వచ్చినప్పుడు దానిని విప్పి, సరిచేసి, మళ్లీ బిగించడం ఎట్లా అన్నది ఆయనకు దినచర్య. అందుకే ఆయన గిటార్ మెడను మొండేనికి అంటించలేదు, స్క్రూలతో బిగించాడు. మెడ చెడితే మెడనే మార్చుకోవచ్చు. తయారు చేసేటప్పుడే మరమ్మతును మనసులో పెట్టుకున్న పద్ధతి అది.

ఇక నాదం విద్యుత్తుగా మారే సంగతి. మైకేల్ ఫారడే 1831లో కనిపెట్టిన సూత్రం మన ఇంటర్ విద్యార్థులందరికీ తెలిసినదే. అయస్కాంత క్షేత్రంలో మార్పు వస్తే దగ్గర ఉన్న తీగచుట్టలో విద్యుత్తు పుడుతుంది. బేస్ గిటార్ తీగెల కింద పికప్ అనే చిన్న పెట్టె ఉంటుంది. అందులో అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుకవంటి సన్నని రాగితీగ వేల చుట్లు. పైన ఉక్కుతీగె కంపిస్తే ఆ క్షేత్రం కదులుతుంది, చుట్టలో అదే లయలో అతి స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. కేబుల్ గుండా అది ఆంప్లిఫయర్‌కు చేరుతుంది. మధ్యలో నాదాన్ని హెచ్చుతగ్గులు చేసే నాబ్ ఒకటి, స్వరం పదును తగ్గించే నాబ్ ఒకటి. ఇంతే. బ్యాటరీ లేదు, మరే శక్తీ లేదు. వేళ్లు ఇచ్చిన బలమే విద్యుత్తు అవుతుంది. దీనినే పాసివ్ అంటారు.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉన్నది. పాసివ్ వాద్యంలోని నాబ్‌లు ఉన్నదానిని తగ్గించగలవే గాని లేనిదానిని కలపలేవు. టోన్ నాబ్ తిప్పితే ఒక చిన్న కెపాసిటర్ గుండా పై స్థాయి కంపనాలు నేలపాలవుతాయి, నాదం మెత్తబడుతుంది. అంతకుమించి అది చేయగలిగింది లేదు. మరొక ఇబ్బంది కేబుల్. పికప్ నుంచి వచ్చే విద్యుత్తు బలహీనమైనది కనుక కేబుల్ పొడవు పెరిగేకొద్దీ నాదంలోని మెరుపు దారిలోనే కొంత తగ్గిపోతుంది.

ఆక్టివ్ వాద్యంలో పికప్‌కూ కేబుల్‌కూ నడుమ, గిటార్ లోపలే, ఒక చిన్న ప్రీ ఆంప్లిఫయర్ ఉంటుంది. అది నడవడానికి సాధారణంగా 9 వోల్టుల బ్యాటరీ ఒకటి, కొన్నింటిలో రెండు. దీనివల్ల రెండు లాభాలు. కింది స్వరాలను, పై స్వరాలను విడివిడిగా తగ్గించడమే కాదు, పెంచనూ వచ్చు. పొడవైన కేబుల్ వాడినా మెరుపు పోదు. పెద్ద ఎత్తున తయారైన గిటార్లలో ఈ పద్ధతిని జనంలోకి తెచ్చింది 1976లో వచ్చిన 'మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే' అనే వాద్యం. దానిని రూపొందించినవారిలోనూ ముఖ్యుడు ఆ లియో ఫెండరే. 1951 నాటి పాసివ్ వాద్యం, 1976 నాటి ఆక్టివ్ వాద్యం ఒకే మనిషి చేతిలో పుట్టాయి. ఆయన 1991లో మరణించాడు. ఆ రెండు రకాలూ ఈనాటికీ తయారవుతూనే ఉన్నాయి. కనుక ఒకటి పాతబడినది, మరొకటి అభివృద్ధి చెందినది అనే వాదం నిలవదు. రెండూ రెండు అవసరాలకు పుట్టిన సమాధానాలు.

మేము చూసిన రెండు వాద్యాల సంగతికి వస్తాను. నాతోపాటు బి.కాం. చివరి సంవత్సరం విద్యార్థి ఒకరు వచ్చారు. మన బృందంలో బేస్ గిటార్ వాయించడం తెలిసినది అతనొక్కడే. అరువు గిటార్ మీద, వాళ్ల మామయ్య ఇంట్లో నేర్చుకున్నాడు. ఆక్టివ్ వాద్యాన్ని చేతికి తీసుకుని నాలుగు స్వరాలు మీటగానే దుకాణంలో ఉన్నవారు తలతిప్పి చూశారు. కింది స్వరం గదంతా నిండింది, పై స్వరం గాజు మీద గోరు తగిలినంత స్పష్టంగా పలికింది. తర్వాత పాసివ్ వాద్యం తీసుకున్నాడు. నాదం గుండ్రంగా, కొంచెం మందంగా, పొడిచెక్క మీద అరచేతితో తట్టినట్లు ఉన్నది. అది బాగోలేదని కాదు. కాని మొదటిదాని తర్వాత వింటే చిన్నబోయినట్లు ఉన్నది.

"సార్, మొదటిదే తీసుకుందాం. మన హాలు పెద్దది, మన ఆంప్లిఫయర్ పాతది. స్టేజీ నుంచి దానిదాకా కేబుల్ ఎంత పొడవో మీకు తెలుసు కదా సార్. ఈ రెండో దాంతో అక్కడ వెనక బెంచీల వాళ్లకు ఏమీ వినిపించదు" అన్నాడు. అతని మాటలో సగం సరదా కాదు, శాస్త్రం. పైన చెప్పిన రెండు లాభాలనూ అతడు మన హాలుకు అన్వయించి చెప్పాడు.

దుకాణదారు అనుమతితో మేము ఒక పరీక్ష చేశాము. ఆక్టివ్ వాద్యం వెనుక మూత తెరిచి బ్యాటరీ తీసివేయించాము. కొన్ని ఆక్టివ్ గిటార్లలో ప్రీ ఆంప్లిఫయర్‌ను పక్కకు తప్పించే స్విచ్ ఒకటి ఉంటుంది. అటువంటి వాద్యం బ్యాటరీ అయిపోయినా పాసివ్‌గా మోగుతుంది. ఇందులో ఆ స్విచ్ లేదు. బ్యాటరీ తీయగానే గిటార్ పూర్తిగా మూగబోయింది. బ్యాటరీ ఉండే అరలో, ఇత్తడి రేకుల మీద, పచ్చని చిలుము కొంత కనిపించింది. ఎప్పుడో పాత బ్యాటరీ కారిన గుర్తు అది. లోపలి సర్క్యూట్ నల్లని గట్టి జిగురులో పోతపోసి ఉన్నది. ఏ భాగం ఎక్కడ ఉన్నదో చూడడానికి కూడా వీలులేదు. పాసివ్ వాద్యాన్ని విప్పిస్తే లోపల రెండు పికప్‌లు, మూడు నాబ్‌లు, ఒక కెపాసిటర్, కేబుల్ గుచ్చే జాక్ కనిపించాయి. లెక్కపెట్టడానికి రెండు చేతుల వేళ్లు ఎక్కువ.

నిర్ణయం దుకాణంలో తీసుకోలేదు. తిరిగి వచ్చి కమిటీ ముందు రెండింటి గుణదోషాలూ చెప్పాను. అప్పుడు కమిటీలోని పెద్దాయన ఒకరు, సంగీతం మీద తమకు అంతగా ఆసక్తి లేదని ముందే చెప్పి, ఉర్దూలో ఒక్క మాట అడిగారు: "లెక్చరర్ సాహెబ్, ఈ పిల్లవాడు వెళ్లిపోయిన తర్వాత దీనిని చూసుకునేది ఎవరు? ఇది అమానత్ కదా?"

అమానత్ అనే ఆ మాట నాకు బాగా తగిలింది. మన విద్యార్థులకు దాని అర్థం చెప్పనక్కరలేదు. ఒకరు నమ్మి మన దగ్గర ఉంచిన వస్తువు అది. దానిని వాడుకునే అధికారం ఉండవచ్చు, పాడుచేసే అధికారం లేదు. ఆ మాటే తెలుగు లెక్కల పుస్తకాల్లోకి వచ్చి అనామతు అయింది. అనామతు పద్దు అంటే ఇంకా ఎవరి ఖాతాకూ చేరని సొమ్ము. కళాశాల వస్తువు సరిగ్గా అటువంటిదే. ఈ ఏటి విద్యార్థులు చందా ఇచ్చారు కనుక ఇది వారిది. వచ్చే ఏడు చేరబోయే విద్యార్థులది కూడా. వారి పేర్లు మాత్రం మనకు ఇంకా తెలియవు.

ఆ ప్రశ్న వెలుగులో చూస్తే రెండు వాద్యాల మధ్య తేడా వేరుగా కనిపించింది. ఆక్టివ్ గిటార్‌కు కేబుల్ గుచ్చగానే బ్యాటరీ ఖర్చు కావడం మొదలవుతుంది. వాయించినా వాయించకపోయినా, కేబుల్ ఊడదీసేవరకు అది ఆగదు. సొంతదారు ఈ సంగతి మరచిపోడు. పదిమంది చేతులు మారే వస్తువు విషయంలో ఆ పది మందిలో ఒకరు తప్పక మరచిపోతారు. బ్యాటరీ బలహీనపడితే నాదం చీలుతుంది, తర్వాత ఆగిపోతుంది. అది జరిగేది సాధన సమయంలోనా, వార్షికోత్సవం నాడు ముఖ్య అతిథి ఎదుటనా అన్నది మన చేతిలో లేదు. వేసవి రెండు నెలలు కళాశాల మూసి ఉంటుంది. ఆ వేడిలో, బీరువాలో, బ్యాటరీ లోపలే ఉండిపోతే కారుతుంది. ఆ వాద్యంలో ఒకసారి అట్లా జరిగిందనడానికి పచ్చని చిలుమే సాక్ష్యం.

మన స్టోరు గదిలోనే ఇందుకు ఉదాహరణ ఉన్నది. అక్కడి హార్మోనియం నాకంటె వయసులో పెద్దది. దాని తిత్తికి రెండుసార్లు తోలు అతుకు వేయించారు, ఒక మెట్టు మార్పించారు, ఈనాటికీ పలుకుతున్నది. దాని పక్కనే ఒక ఎలక్ట్రానిక్ కీబోర్డు ఉన్నది. వచ్చినప్పుడు దానికి వంద రకాల స్వరాలు. లోపలి సర్క్యూట్ బోర్డు కాలిపోయిన తర్వాత ఒక్క స్వరమూ లేదు. అటువంటి బోర్డు మళ్లీ దొరకలేదు. కీబోర్డు కనిపెట్టినవారి గొప్పతనాన్ని నేను తక్కువ చేయడం లేదు. మన ఊళ్లో, మన చేతుల్లో, ఏది ఎంతకాలం నిలిచిందో చెబుతున్నాను.

పాసివ్ గిటార్‌లో చెడిపోగలిగిన భాగాలు కొద్ది. నాబ్ గరగరలాడవచ్చు, జాక్ వదులు కావచ్చు, ఒక తీగ ఊడవచ్చు. హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ వంటి చోట అటువంటి నాబ్, కెపాసిటర్ కొద్దిపాటి డబ్బుకు దొరుకుతాయి. రేడియో, టీవీ బాగుచేసే మన ఊరి భాయ్‌కి సోల్డరింగ్ వచ్చు. అది చాలు. మన భౌతికశాస్త్ర ప్రయోగశాలలోని మల్టీమీటర్‌తో పికప్ బతికి ఉన్నదో లేదో విద్యార్థులే చూసుకోవచ్చు. రాగితీగ తెగకుండా ఉంటే మీటరు కొన్ని వేల ఓముల నిరోధం చూపుతుంది, తెగితే ఏమీ చూపదు.

ఇక హాలు సంగతి, కేబుల్ సంగతి. విద్యార్థి చెప్పిన ఆ ఇబ్బందికి మరొక దారి ఉన్నది. గిటార్ లోపల ఉండే ప్రీ ఆంప్లిఫయర్ చేసే పనినే బయట, కాలి దగ్గర పెట్టుకునే చిన్న పెట్టె కూడా చేయగలదు. నిధి అనుమతించినప్పుడు అది కొనవచ్చు. అది చెడిపోతే దానిని పక్కన పెట్టి, గిటార్‌ను నేరుగా ఆంప్లిఫయర్‌కు కలుపుకోవచ్చు. వాద్యం మూగబోదు. అంతవరకు ఆంప్లిఫయర్‌ను వాయించేవాని దగ్గరకు జరిపి చిన్న కేబుల్ వాడుతున్నాము. కాగా, చెడిన ఆక్టివ్ గిటార్‌ను పాసివ్‌గా మార్చుకోవచ్చు కదా అని ఒకరు అడిగారు. చాలావాటిని మార్చవచ్చు. కాని తీగలు మళ్లీ కలపాలి, నాబ్‌లు కూడా వేరే విలువగలవి వేయాలి. చివరికి పాసివ్ చేయవలసి వచ్చేదానిని ఆ శ్రమంతా పడి కొనడం దేనికి?

దీనినిబట్టి ఆక్టివ్ గిటార్ కొనరాదని ఏ విద్యార్థీ అనుకోవద్దు. సొంతంగా కొనుక్కునేవాడు, రోజూ వాయించేవాడు, బ్యాటరీ తేదీ జ్ఞాపకం పెట్టుకునేవాడు నిశ్చింతగా కొనవచ్చు. వేర్వేరు వేదికల మీద, వేర్వేరు ఆంప్లిఫయర్లతో వాయించవలసినవానికి అది నిజమైన సహాయం. పాతది కొంటే మాత్రం ముందు మెడ చూడండి. మెడ వంగిన గిటార్‌ను ఏ సర్క్యూటూ రక్షించలేదు. మెట్లు అరిగాయేమో తడిమి చూడండి. ప్రతి నాబ్‌నూ తిప్పి గరగర వినండి. బ్యాటరీ అర తెరిచి చిలుము ఉన్నదేమో చూడండి. పక్కకు తప్పించే స్విచ్ ఉంటే దానిని వేసి, రెండు విధాలా వాయించండి. గాలిలో గుర్రుమనే శబ్దం వస్తున్నదంటే అది పాసివ్ కావడం వల్లనే అని తీర్మానించకండి. పికప్ తీగచుట్టలు ఎట్లా అమర్చారన్న దానిమీద అది చాలావరకు ఆధారపడి ఉంటుంది. 1957 నుంచి ప్రిసిషన్ బేస్‌లో పికప్‌ను రెండు ముక్కలుగా చేసి అమర్చినది ఆ శబ్దాన్ని రద్దు చేస్తుంది. దానికి బ్యాటరీ లేదు.

ఈ నిర్ణయానికి మూల్యం ఎవరు చెల్లించారో కూడా చెప్పకపోతే ఈ లెక్క అసంపూర్ణం. ఆ విద్యార్థి ఈ ఏడాదితో మన కళాశాల వదిలి వెళుతున్నాడు. ఐదేళ్ల తర్వాత ఈ గిటార్ మోగుతుందా లేదా అన్నది అతనికి సంబంధించిన ప్రశ్న కాదు. అతనికి ఉన్నది ఈ ఒక్క సంవత్సరం, ఒకే ఒక వార్షికోత్సవం. ఆ ఒక్క సాయంత్రం తన చేతిలో ఉండవలసిన గాజువంటి ఆ నాదాన్ని, తనకు ముఖపరిచయం లేని విద్యార్థుల కోసం మేము అతని దగ్గర నుంచి తీసుకున్నాము. నిర్ణయం చెప్పిన రోజు అతడు వాదించలేదు. "సరే సార్" అని మాత్రం అన్నాడు. ఆ రెండు మాటల బరువు నాకు తెలుసు. భవిష్యత్తు పేరు చెప్పి వర్తమానంలో ఉన్నవాని వాటా తగ్గించడం తేలికగా చేయవలసిన పని కాదు. చేసినప్పుడు అతని ముఖం చూసి చేయాలి.

వారం తర్వాత సాధన గదికి వెళితే అతడు మొదటి సంవత్సరం విద్యార్థులను ఇద్దరిని కూర్చోబెట్టుకుని ఉన్నాడు. ఒకరు ఉర్దూ మీడియం, ఒకరు తెలుగు మీడియం. వెనుక మూత విప్పి, ఇది పికప్ తీగ, ఇది నేలకు పోయే తీగ అని చూపిస్తున్నాడు. ఇద్దరికీ అర్థమయ్యేటట్లు రెండు భాషలూ కలిపి చెబుతున్నాడు. నల్లజిగురు పోసిన సర్క్యూట్ అయితే అతనికి చూపించడానికి ఏమీ ఉండేది కాదు. వార్షికోత్సవంలో అతడు వాయించాడు. వెనక బెంచీల దాకా ఎంత వినిపించిందో అక్కడ కూర్చున్నవారే చెప్పాలి. పాట నిలబడిందని మాత్రం నేను చెప్పగలను.

ఇప్పుడు ఆ వాద్యం గ్రంథాలయం పక్కగదిలోని బీరువాలో ఉన్నది. దానితోపాటు ఒక నోటు పుస్తకం కూడా పెట్టించాము. తీసుకున్న తేదీ, తిరిగి ఇచ్చిన తేదీ, మార్చిన తీగెలు, చేయించిన మరమ్మతు అందులో రాయాలి. మొదటి పేజీలో వాద్యం లోపలి తీగల పటం ఆ విద్యార్థే గీసి, భాగాల పేర్లు తెలుగులోనూ ఉర్దూలోనూ రాశాడు. నేర్చుకోవాలనుకునేవారు ఎవరైనా సంతకం చేసి తీసుకోవచ్చు. వాయించిన తర్వాత తీగెలను పొడిబట్టతో తుడిచి పెట్టండి. మీ తర్వాత ఎవరో ఒకరు తీసుకుంటారు.